జట్టుకు యజమాని: విజయానంద గజపతిగారి జీవితము

మన కడప, కర్నూలు జిల్లాల గ్రామములలో తిరునాళ్ళ దినములందు బండలాగుడు పందెములు జరుగును. ఎడ్లజతను మేపిన మోతుబరి వేరు, ములుగోల పట్టి జతను అదలించు మనిషి వేరు, కాడి మోయు ఎడ్లు వేరు. పందెము గెలిచిన నాడు జత ఫలానివారిదని పేరు యజమానికి వచ్చును. మెడ కాయలు కాచునది మాత్రము ఎడ్లకు. దీనికి ఎవరును అభ్యంతరము చెప్పరు. కరవు కాలమున గూడ ఉలవలు తగ్గింపక మేపినవాడు కాస్త పేరు కోరుట సహజమే. అయితే ఒకానొక యజమాని, ఇన్నేండ్లు మేపినవాడను నేనే కదాయని, పందెము నాడు తానే కాడి క్రింద మెడ పెట్టెదనని పట్టుపట్టినచో ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానము భారతదేశపు క్రికెట్టు చరిత్రలో నున్నది. ఆ సమాధానము ఒక తెలుగు రాజకుమారుని జీవితము.

ఆయన పూర్తి పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. విజయనగరపు మహారాజకుమారుడు. క్రికెట్టు లోకము ఆయనను ‘విజ్జీ’ యని రెండక్షరములలో పిలిచినది. జట్టుకు యజమానియై, జట్టుకు నాయకుడై, రాజకీయములలో మంత్రియై, చివరకు మావంటి రేడియో వారికి సహోద్యోగియై జీవించిన ఈ పెద్దమనిషిని గూర్చి చెప్పుకొనునపుడు నవ్వు వచ్చును. కొంత కోపము వచ్చును. మరికొంత సేపటికి జాలియు, దాని వెంట గౌరవమును వచ్చును. ఈ నాలుగింటిలో దేనిని విడిచినను ఆయనకు న్యాయము జరుగదని మా యభిప్రాయము.

ఆటగాండ్ర జట్టును ఒక వ్యక్తి తన సొమ్ముతో నడుపుట వింత గాదు. అమెరికాలో బేసుబాలు జట్లకు యజమానులుండుట పాత ఆచారము. పెద్ద లీగులవి ధనికులు కొనగా, చిన్న పట్టణములలో ఆడు చిన్న లీగుల జట్లను ఆ యూరి వకీళ్ళును, వర్తకులును, రాజకీయ నాయకులును కొనుట కలదు. అధ్యక్ష పదవికి వచ్చిన జార్జి డబ్ల్యూ. బుష్‌గారు టెక్సాసు గవర్నరు కాకముందు ఒక పెద్ద లీగు జట్టులో వాటాదారు. మన సీమలో బేసుబాలు లేదు గాని, వకీళ్ళు జట్లు కట్టుట లేకపోలేదు. పూర్వము దత్తమండలములలో చేరియుండిన బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారును, కోలాచలము శ్రీనివాసరావుగారును న్యాయవాదులే. ఒకరిది సరసవినోదినీ సభ, మరొకరిది సుమనోరమా సభ. పగలు కోర్టులో వాదము, రాత్రి రంగస్థలముపై పోటీ. ఇక మన కడప జిల్లాలోని సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావుగారు మొదలిడిన నాటక సమాజము సంగతి జగద్విదితము. నాటక సమాజములో యజమాని తానే నాయక పాత్ర ధరించుట తప్పుగాదు. గొంతు, రూపము, పద్యము కుదిరినచో ప్రేక్షకులే మెచ్చుకొందురు, కుదరనిచో ఆ రాత్రియే తీర్పు చెప్పుదురు. క్రికెట్టులో ఆ తీర్పు అంకెలలో వచ్చును. అంకెలకు మొగమోటము లేదు.

విజయానందులు 1905వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన జన్మించిరి. తండ్రి విజయరామ గజపతిరాజుగారు. విజయనగరమున 1919లో సంగీత కళాశాలను స్థాపించి ఆదిభట్ల నారాయణదాసుగారిని దానికి ప్రథమాధ్యక్షులుగా కూర్చుండబెట్టిన ప్రభువు ఆయనయే. అంతకు పూర్వపు ఆనంద గజపతి ప్రభువు గురజాడ అప్పారావుగారికి పోషకులు. అనగా ఆ వంశమునందు పోషణ యనునది పెట్టుబుద్ధి; కవిని, గాయకుని, మల్లుని మేపుట రాచరికపు నిత్యకృత్యము. పోషకుడు వీణను కొనిపెట్టును, వీణ మాత్రము తాను వాయింపడు. ఈ మర్యాద ఆ కొలువులో అందరికిని తెలిసినదే.

విజయానందులు రెండవ కుమారులు. 1922లో తండ్రిగారి యనంతరము సంస్థానము జ్యేష్ఠునకు సంక్రమించినది. అజమీరులోని మేయో కళాశాలలోను, ఇంగ్లండులోని హెయిలీబరీ పాఠశాలలోను చదువుకొన్న ఈ చిన్న రాజుగారు కుటుంబపు ఆస్తి యుండిన కాశీపట్టణమునకు తరలిపోయిరి. టెన్నిసు బాగుగ ఆడెడివారట. వేట యనిన ప్రాణము. మూడువందలకు పైగా పెద్దపులులను కొట్టితినని ఆయనయే చెప్పుకొనెడివారు. పెద్దవానికి రాజ్యము, చిన్నవానికి డబ్బును తీరికయు మిగిలినవి. తీరిక గల రాజకుమారునికి పేరు సంపాదించు మార్గములు ఆ దినములలో ఎన్నియో యుండినవి. వీరు ఎన్నుకొన్న మార్గము క్రికెట్టు.

1926లో ఆయన తన సొంత జట్టును కూర్చి, కాశీలోని తమ భవనపు ఆవరణలోనే మైదానమును కట్టించిరి. దేశము నలుమూలల నుండి ఆటగాండ్రను పిలిపించి పోషించిరి. ఇండోరు నుండి ముస్తాక్ అలీయను బడిపిల్లవానిని కాశీకి రప్పించి శిక్షణ ఇప్పించిరి. ఆ పిల్లవాడు తరువాత భారతదేశమునకు గర్వకారణమైన బ్యాట్స్‌మను అయినాడు. ఈ యొక్క పని చాలును, ఆయన డబ్బంతయు వృథాకాలేదని చెప్పుటకు.

1930–31లో ఇంగ్లండు నుండి ఎం.సి.సి. జట్టు ఇచ్చటికి రావలసియుండినది. శాసనోల్లంఘన ఉద్యమము దేశమంతట చెలరేగుచుండుటచే ఆ పర్యటన ఆగిపోయినది. ఇతరులు ఇందులో నష్టమును చూడగా, విజ్జీగారు అవకాశమును చూచిరి. తానే ఒక జట్టును తయారుచేసి భారతదేశమునందును, సింహళమునందును తిప్పెదననిరి. అంతటితో ఆగక ఇంగ్లండు క్రికెట్టునకు మకుటము వంటి జాక్ హాబ్స్‌గారిని, ఆయనకు జోడైన హెర్బర్టు సట్‌క్లిఫ్‌గారిని తన జట్టులో ఆడుటకు ఒప్పించి తెచ్చిరి. హాబ్స్‌గారికి అప్పటికి నలుబది యెనిమిదేండ్లు. అంతకు ముందు భారతదేశపు పర్యటనలకు పలుమారులు పిలుపు వచ్చినను రానివాడు, కాశీ రాజకుమారుని మాటకు కదలివచ్చినాడు. ఆదివారము నాడు ఆట ఆడనని హాబ్స్‌గారి నియమము. ఆ నియమమునకు తగినట్లు పందెముల దినములను సర్దిరి. యజమాని సొమ్మిచ్చినను ఆటగాని మనస్సాక్షిని కొనలేదని, ఈ పర్యటనలో విజ్జీగారు కొననక్కరలేదని తలచిరని కూడ మనము చెప్పుకొనవచ్చును. ఆ పర్యటన నేటికిని గణాంక పండితులకు తలనొప్పి కలిగించుచున్నది. హాబ్స్‌గారి ప్రథమశ్రేణి శతకములు 197 అని కొందరు, 199 అని కొందరు. ఆ తేడా రెండును విజయనగరపు జట్టు పక్షమున మన దేశమునందును సింహళమునందును ఆడినప్పటివి. లండనునందు ముద్రింపబడు లెక్కల పుస్తకములలో మన విజయనగరము ఈ విధముగా శాశ్వతముగ ఇరుక్కొనినది.

కొన్ని యేండ్ల పిమ్మట వెస్టిండీసు వీరుడు లియరీ కాన్‌స్టంటైన్‌ను కూడ ఆయన ఇచ్చటికి రప్పించిరి. ఇంతవరకు విజ్జీగారి కథ యంతయు ఘనమైన పోషకుని కథ. ఇచ్చటనే ముగిసియున్నచో ఈ ప్రసంగమునకు వేరే శీర్షిక పెట్టియుందుము.

ఆ కాలపు భారత క్రికెట్టునందు డబ్బు సంస్థానాధిపతుల చేతిలో నుండెను. పాటియాలా మహారాజుగారు పెద్ద పోషకులు. వారికి విజ్జీగారు పోటీదారు. 1932లో భారతజట్టు ప్రప్రథమముగా టెస్టు ఆటకు ఇంగ్లండు వెళ్ళవలసి వచ్చినపుడు విజ్జీగారు బోర్డునకు ఏబదివేల రూపాయలు విరాళమిచ్చిరి; అందు నలుబదివేలు ఆ పర్యటనకే. ఏబదివేలు అనగా ఆనాడు ఎంతయో, రూపాయకు బస్తాల లెక్కన ధాన్యము కొన్న పెద్దలు మన ఇండ్లలో చెప్పగా వినియుందురు. ఢిల్లీలోని ఫిరోజిషా కోట్లా మైదానమునందు వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు పేర మంటపము కట్టించిరి. జాతీయ పోటీకి ఆ ప్రభువు పేరనే బహుమతి పాత్రను ఇచ్చుటకు సిద్ధపడిరి. కాని 1934లో ఆ పోటీకి నిలిచినది పాటియాలావారు కోరిన రంజీ పేరు. నేడు మన కడప మైదానముపై ఆంధ్రజట్టు ఆడు రంజీ పందెములు విల్లింగ్డన్ పందెములు కాకపోవుట ఆ ఇద్దరు పోషకుల పోటీ ఫలితమే.

1932 జట్టులో నాయకత్వము పాటియాలావారికి, ఉపనాయకత్వము లింబ్డీ రాజకుమారునకు, ఉపోపనాయకత్వమను వింత పదవి విజ్జీగారికి లభించినవి. పాటియాలావారు తప్పుకొనిరి, విజ్జీగారును ఆరోగ్యము బాగులేదని తప్పుకొనిరి. నాయకుడుగా వెళ్ళిన పోర్‌బందరు మహారాజుగారు ఆటలో ఘనులు గారు. ఆ సంగతి వారికే అందరికంటె బాగుగా తెలియును. 1932 జూను 25న లార్డ్సు మైదానమున మొదటి టెస్టు ఆరంభమగు నాటికి వారు ప్రక్కకు తొలగి, నాయకత్వమును సి.కె. నాయుడుగారికి అప్పగించిరి. రాజు కూర్చుండి చూచెను, ఆటగాడు జట్టును నడిపెను. ఆ పోర్‌బందరు ప్రభువు వివేకమునకు తగినంత ప్రశంస దొరకలేదని మాకు ఎల్లప్పుడు తోచును.

కొఠారి కనకయ్య నాయుడుగారును తెలుగువారే. నాగపురమున స్థిరపడిన కుటుంబము; వకీళ్ళ వంశము. తాతగారు న్యాయవాదులు, కాంగ్రెసు తొలినాళ్ళ ప్రముఖులు. తండ్రిగారు కేంబ్రిడ్జిలో రంజిత్‌సింహజీతో పాటు చదివినవారు. ఒకే భాష మాట్లాడు రెండు వంశముల నుండి, ఒకటి రాచవంశము, మరొకటి వకీళ్ళ వంశము, ఇద్దరు మనుష్యులు తెలుగునాటికి దూరముగా పెరిగి భారతజట్టు నాయకత్వపు దారిలో ఒకరికొకరు ఎదురైరి. ఒకరికి సొమ్ము, మరొకరికి ఆట.

1936లో మరల ఇంగ్లండు ప్రయాణము వచ్చినది. మొదట నాయకునిగా అనుకొన్న పటౌడీ నవాబుగారు తప్పుకొనగా, బోర్డువారి ఓట్లతో విజ్జీగారు నాయకులైరి. ముప్పదియారు సామానులతోను, ఇద్దరు సేవకులతోను ఆయన ఓడ యెక్కిరని ప్రసిద్ధి. ఆయన వెంట వెళ్ళిన జట్టు సామాన్యమైనది గాదు: నాయుడుగారు, విజయ్ మర్చంటు, ముస్తాక్ అలీ, వజీర్ అలీ, అమర్‌సింగ్, మహమ్మద్ నిస్సార్, లాలా అమర్‌నాథ్. మదరాసు నుండి వెళ్ళిన తెలుగువారు కోట రామస్వామిగారు నలుబదవ యేట మాంచెస్టరులో మొదటి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేసిరి. ఎడ్లు మేలిజాతివి, బండియు మంచిదే.

ఇక అమర్‌నాథ్ విషయము. కొంత వివరముగా చెప్పవలెను. ఎందుకనగా ఇది ఆట విషయము మాత్రమే గాదు, న్యాయ విషయము కూడ.

అమర్‌నాథ్ భారతదేశము పక్షమున టెస్టులో మొట్టమొదటి శతకము చేసినవాడు. 1933లో బొంబాయిలో 118 పరుగులు. 1936 పర్యటనలో జూను మధ్యకు ఆరువందలకు పైగా పరుగులు చేసి, 32 వికెట్లు తీసియుండెను. ఎసెక్సు జట్టుపై రెండు ఇన్నింగ్సులలోను శతకములు. మాట పదునుగలవాడు, పేదయింటి బిడ్డ, రాజులకు వంగి నమస్కరించుట అలవాటు లేనివాడు. లార్డ్సు మైదానమున మైనరు కౌంటీల జట్టుతో ఆట జరుగుచుండగా, బ్యాటింగునకు సిద్ధముగ నుండుమని చెప్పిన నాయకుడు అతనిని వెనుకకు నెట్టి ఒకరి తరువాత ఒకరిని ముందుకు పంపుచు వచ్చెను. కాళ్ళకు కట్టుకొన్న ప్యాడ్లతో అతడు గంటల కొలది కూర్చుండెను. ఆనాటి ఆట ముగియుటకు కొన్ని నిమిషములుండగా వంతు వచ్చినది. తిరిగివచ్చి ప్యాడ్లు విసరికొట్టి పంజాబీలో నాలుగు మాటలు గొణిగెను. అవి మంచి మాటలని ఎవరును చెప్పలేదు. అయితే జట్టు విడిది గదిలో అలసిన మనిషి నోట వెలువడిన మాటలవి.

అంతమాత్రమునకు జట్టు మేనేజరు మేజరు బ్రిటన్ జోన్సు, నాయకుడు విజ్జీగారు కలిసి, అమర్‌నాథ్‌ను మొదటి టెస్టునకు ముందే ఇంటికి పంపివేయుటకు నిశ్చయించిరి. తోటివారు, పెద్ద ఆటగాండ్రు క్షమింపుమని వేడిరి. అమర్‌నాథ్ తానును విచారము తెలిపెను. ఫలితము లేకపోయినది. జట్టునందెల్ల మంచి ఊపులోనున్న ఆటగాడు ఓడ యెక్కి తిరిగివచ్చెను. మరల టెస్టు ఆడుటకు ఆయన 1946 వరకు కాచుకొనవలసి వచ్చినది. నడుమ యుద్ధము వచ్చినమాట నిజమే. కాని యుద్ధమునకు ముందు పోయిన మూడు టెస్టులు యుద్ధము తీసికొనిపోయినవి గావు. ఆ జూను నెలలోనే విజ్జీగారికి ‘సర్’ బిరుదము వచ్చినది.

మిగిలిన పర్యటన యంతయు వదంతుల పుట్ట. అందు కొన్ని ఆడినవారే పిదప చెప్పినవి. మాంచెస్టరులో మర్చంటును పరుగు తీయించి అవుటు చేసినచో బంగారు గడియారమిత్తునని విజ్జీగారు ముస్తాక్‌తో అనినారని ఒక కథ. ముస్తాక్ ఆ మాటను నేరుగ మర్చంటు చెవిని వేసెనట. ఇద్దరును నవ్వుకొని మైదానములోనికి పోయిరట. తరువాత జరిగినది కథ గాదు: తొలి వికెట్టునకు 203 పరుగులు, మర్చంటు 114, ముస్తాక్ 112. కాశీ మైదానమున తాను పెంచిన పిల్లవాడే తన దుర్బోధను త్రోసిపుచ్చి విదేశములో శతకము చేసిన మొదటి భారతీయుడైనాడు. ఈ సంగతిలో ఎంత వ్యంగ్యమున్నదో అంత ఊరటయు నున్నది. ఉదయపు ఫలాహారము వేళ నాయుడుగారిని అందరి యెదుట అవమానించినందుకు బాకా జిలానీకి ఓవల్ టెస్టులో స్థానము దొరకినదని మరొక కథ. మరియొకటి నవ్వు పుట్టించునది: ప్రత్యర్థి నాయకునికే గడియారము కానుక యిచ్చి తనకు సులభమైన బంతులు వేయుమని కోరిరట. ఆయన ఒకటి రెండు మెత్తని బంతులు వేసి, రోజంతయు అట్లు వేయలేము కదా యనినారట.

మూడు టెస్టులలో విజ్జీగారి పరుగులు మొత్తము 33. అత్యధికము అవుటు కాకుండ 19. సగటు 8.25. పరంపరను ఇంగ్లండు రెండు పందెములు గెలిచి తీసికొన్నది.

దేశమునందు గగ్గోలు పుట్టినది. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ అధ్యక్షతన విచారణ సంఘము ఏర్పడినది. 1937 జనవరిలో వెలువడిన నివేదిక అమర్‌నాథ్‌ను తప్పు నుండి విడిచినది. విజ్జీగారి నాయకత్వము ఘోరముగ విఫలమైనదని, ఆటగాండ్రను మైదానమున ఎచ్చట నిలుపవలెనో, బౌలర్లను ఎప్పుడు మార్చవలెనో ఆయనకు తెలియదని, బ్యాటింగు వరుసలో స్థిరత్వమే లేదని తేల్చినది. కోర్టు తీర్పువలె నిర్మొగమాటమైన నివేదిక.

విశేషమేమనగా, ఆ తీర్పు వెలువడిన కొలది మాసములకే, 1937 వేసవిలో, సంయుక్త రాష్ట్రములలో ఛత్తారీ నవాబు ఏర్పరచిన స్వల్పకాలపు మంత్రివర్గమునందు విజ్జీగారు న్యాయశాఖ మంత్రియైరి! ఎదుటివాని వాదము వినకుండ ఓడ యెక్కించినవారికి న్యాయశాఖ! ఆయన న్యాయవాది గారు. న్యాయవాదియై యున్నచో, రెండవ పక్షమును వినవలెనను మొదటి పాఠము లార్డ్సు విడిదిగదిలో జ్ఞాపకము వచ్చియుండునేమో. ఏమైనను ఎన్నికలలో గెలిచిన కాంగ్రెసువారు జూలై మాసమున అధికారము చేపట్టుటతో ఆ మంత్రివర్గము ముగిసినది.

ఇక్కడికి ఆయన వయస్సు ముప్పదియొకటి. సామాన్యముగా ఆయన కథను చెప్పువారు ఇచ్చట పుస్తకము మూసివేయుదురు. మిగిలిన ఇరువది యెనిమిది యేండ్లను పట్టించుకొనరు. అది అన్యాయమని మా మనవి.

స్వరాజ్యము రానున్న వేళ, 1947 జూలైలో, ‘సర్’ బిరుదమును ఆయన త్యజించిరి. తరువాత జమీందారీలును పోయినవి. తన భవనము ముందు మైదానము గట్టి జట్టును మేపు కాలము తీరినది. ఆ కాలము తీరిన పిమ్మటనే విజ్జీగారు ఆటకు నిజముగ పనికివచ్చిరి. 1952లో పాకిస్తాను జట్టు మొదటిసారి మన దేశమునకు వచ్చినపుడు భారత నాయకుడెవరు? లాలా అమర్‌నాథ్. ఆయనను తిరిగి నాయకునిగా పిలిపించుటకు పూనుకొన్నవారిలో ముఖ్యుడు, అప్పుడు బోర్డు ఉపాధ్యక్షులుగా నుండిన విజ్జీగారు. పదునారేండ్ల క్రిందట ఓడ యెక్కించిన చేతితోనే పిలుపు. క్షమాపణ చెప్పినారా, లేదా యనునది వారిద్దరికి సంబంధించినది. పని మాత్రము జరిగినది.

1954 నుండి 1957 వరకు బోర్డునకు ఆయన అధ్యక్షులు. ఉత్తరప్రదేశమును క్రికెట్టునకు కేంద్రముగ చేయుటలో ఆయన శ్రమ చాలగలదు. 1956–57లో ఆ రాష్ట్రపు జట్టునకు రంజీ పోటీలో నాయకుడు కావలసివచ్చినపుడు ఆయన పోయి అడిగినది ఎవరినో తెలియునా? అరువదియొకటవ యేట నున్న సి.కె. నాయుడుగారిని. ఓవల్ ముచ్చట జ్ఞాపకమున్నవారికి ఇది చిన్న సంగతి గాదు. నాయుడుగారు ఒప్పుకొని ఆడిరి. ఆయన గొప్పతనము అందున్నది. అడిగినవాని మార్పు కూడ అందున్నది.

నాయుడుగారి పేరు వచ్చినది గనుక మన కర్నూలు ముచ్చట ఒకటి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడి కర్నూలు రాజధాని యైనది. గుడారములలో కచేరీలు నడచిన దినములవి. ఆ 1953–54 ఋతువులోనే ఆంధ్రజట్టు మొదటిసారి రంజీ పోటీలో అడుగుపెట్టినది. దానికి నాయకుడుగా నిలిచినవారు ఏబదియెనిమిదేండ్ల సి.కె. నాయుడుగారే. రాష్ట్రమునకు కచేరీలు గుడారములలో, జట్టునకు నాయకుడు వార్ధక్యములో, రెండును నిలిచినవి. ఆ జట్టును ఏ రాజును సొంతము చేసికొని మేపలేదు. సంఘము చందాలతో నడచిన జట్టు. గెలుపులు తక్కువ, ప్రయాణములు మూడవ తరగతి.

విజ్జీగారికి 1958లో పద్మభూషణము లభించినది. విశాఖపట్టణము పక్షమున లోక్‌సభలో కూర్చుండిరి. చిన్ననాడు విడిచిపోయిన ప్రాంతమునకు ఓట్ల మూలమున తిరిగివచ్చుట యనవచ్చును. అన్నగారి కుమారులు పి.వి.జి. రాజుగారు సోషలిస్టు భావములు గల నాయకులు. అదే స్థానమునకు అంతకు ముందు 1957లో ప్రతినిధి. ఆ కుటుంబపు రాజకీయములు వేరొక ప్రసంగమునకు విషయము.

మాకు మిక్కిలి దగ్గరయైన ఘట్టము మైక్రోఫోను ముందు జరిగినది. ఆట మానిన తరువాత విజ్జీగారు క్రికెట్టు వ్యాఖ్యాతగా పేరుపొందిరి. 1959లో భారతజట్టు ఇంగ్లండు వెళ్ళినపుడు బి.బి.సి.వారు ఆయనను అతిథి వ్యాఖ్యాతగా పిలిచిరి. వ్యాఖ్యానము ఎంత కష్టమో రేడియోలో పనిచేయువారమగు మేము ఎరుగుదుము. వినువానికి మైదానము కానరాదు. పుల్లంపేటలోనో, పత్తికొండలోనో అరుగుపై కూర్చుండి చెవి యొగ్గిన మనిషికి వ్యాఖ్యాత మాటయే కన్ను. బంతి ముందు, మాట వెనుక నడువవలెను. వ్యాఖ్యాత తన జ్ఞాపకములలో మునిగినచో ఆ లోపల వికెట్టు పడిపోవును. విజ్జీగారి కథనమునకు పాత ముచ్చట్లనిన మక్కువ హెచ్చని ప్రతీతి. వెస్టిండీసు ఆటగాడు రోహన్ కన్హాయికి ఆయన ఒకనాడు తన పులివేటలను వర్ణింపగా, అతడు విని, మీరు తుపాకితో కొట్టితిరా, నేను మీ వ్యాఖ్యానము వినిపించు ట్రాన్సిస్టరును అడవిలో పెట్టి వచ్చినారనుకొంటిని, విసుగుతో అవియే ప్రాణములు విడిచియుండునని అనెనట. విజ్జీగారు నవ్వినారో లేదో! రేడియోవారికి మాత్రము ఈ కథ వినినపుడెల్ల భుజములు తడుముకొనవలసి వచ్చును.

అయినను ఒక్క మాట. 1936లో జట్టు నంతటిని తన వెనుక నిలుపుకొనగోరిన మనిషి, 1959 నాటికి ఒక చిన్న గదిలో కూర్చుండి పరులు చేసిన పరుగులను పరులకు చెప్పు పనిలో తృప్తి పొందెను. బ్యాటు పట్టుకొని సాధింపలేని పరిచయమును గొంతు మూలమున సాధించెను. ఇందుకు ఆయన ఎవరికిని గడియారము ఇవ్వనక్కరలేకపోయినది.

మన కాలమున జట్ల యాజమాన్యము మరల వచ్చినది. 2008లో ఐ.పి.ఎల్. పందెములు మొదలైనపుడు సంస్థలు, సినిమా తారలు బహిరంగ వేలములో జట్లను కొనిరి. హైదరాబాదు జట్టును ఒక పత్రికా సంస్థ కొనగా, ఆ దక్కను జట్టు 2009లో విజేతయై, 2012లో ఆర్థికపు చిక్కులలో రద్దయిపోయినది. ఈ యజమానులెవ్వరును ప్యాడ్లు కట్టుకొని మూడవ స్థానమున ఆడెదమనలేదు. కొన్నవాడు బయట కూర్చుండవలెనను కట్టుబాటు నేడు నలుగురికిని తెలిసినదైనది. అయితే బయట కూర్చుండి గూడ బ్యాటింగు వరుసను శాసింపవచ్చును. ఎవని వంతు ఎప్పుడని నిర్ణయించు చీటీ ఎవరి జేబులో నుండునో చూచువారికి ఎల్లప్పుడు కానరాదు. ప్యాడ్లు కట్టుకొని గంటల కొలది కాచుకొన్న కుర్రవాని కష్టము 1936తోనే తీరినదని మేము అనుకొనుట లేదు. మన జిల్లాలలో ఎంపికల దినమున మైదానపు అంచున తల్లిదండ్రులతో నిలుచుండు పిల్లలను చూచినవారెవరును అనుకొనరు.

సర్ విజయానందులు 1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూసిరి. విజయనగరమున విజ్జీ పేర క్రీడాస్థలము కలదు. ఆయన మరణానంతరము విశ్వవిద్యాలయముల మండల జట్ల నడుమ ఆయన పేర విజ్జీ ట్రోఫీ పందెములు ఏర్పడినవి. కడపలోని యోగివేమన విశ్వవిద్యాలయమునందుగాని, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయమునందుగాని చదువు విద్యార్థి చక్కగా ఆడి దక్షిణ మండలపు జట్టునకు ఎన్నికైనచో ఆ పందెములలో ఆడవచ్చును. అందుకు వానికి కావలసినవి పరుగులు, వికెట్లు మాత్రమే.